కింది నుంచి కోసిన వార్త

చూలై, చెన్నై
9 జూన్ 2025, సోమవారం

శేషాద్రి మామకు,

చూలై పఠన మందిరానికి తాళం వేసినవాడు కార్యదర్శి అచ్యుతరామయ్య. ఆ తాళాన్ని రెండో చుట్టు తిప్పినవాడివి నువ్వు. క్షేమసమాచారాలు తర్వాత.

ఫోన్ చేసేదాన్నే. పోయినసారి మనిద్దరి అరుపులకు ఎదురింటివాళ్లు కిటికీ తెరుచుకుని కూర్చున్నారని అమ్మ నా ఫోన్‌లోంచి నీ నంబరు తీసేసింది. "మేనమామా మేనకోడళ్లూ ఏమున్నా కాయితం మీద అరుచుకోండి. దానికి నోరు లేదు" అంది. అందుకని మన వీధిలో పేపర్లు వేసే మునెమ్మవ్వ, అమ్ముడుపోని పేపర్లను తిరుపతికి వెనక్కి పంపే కట్టలో ఈ ఉత్తరం దూరుస్తున్నాను. నీ పేపరు నీకే తిరిగొస్తోంది, లోపల నిప్పు పెట్టుకుని.

నీ పేపర్లో వేయమని నేను పంపింది రెండు పేజీల వార్త. శుక్రవారం నువ్వు వేసింది ఇదిగో, కత్తిరించి అంటిస్తున్నాను. నీ పాపం నువ్వే చూసుకో:

"చూలై, జూన్ 5: చూలై పఠన మందిరం సర్వసభ్య సమావేశం ఆదివారం మందిరం వసారాలో జరుగుతుంది. మూతపడిన మందిరాన్ని తెరిపించేందుకు తరలిరావాలని పలువురు సభ్యులు కోరారు."

ఎన్ని గంటలకు మామా? నేను రాశాను కదా! చిట్టచివరి వాక్యం, మూడు ఆశ్చర్యార్థకాలతో: "ఉదయం సరిగ్గా పది గంటలకు, నలభైమందికి తగ్గకుండా, ఒక్కసారిగా రండి!!!" అది ఏమైంది?

నిబంధన నీకూ తెలుసు. నలభైమంది ఒకేసారి కూర్చుని సంతకాలు పెడితేనే తీర్మానం. లేకపోతే కార్యదర్శి మాటే చెల్లుతుంది. ఆయన మాటేమో, ఆ గదిని తన అల్లుడు అద్దెకిచ్చే పెళ్లికుర్చీలకు గిడ్డంగి చేయడం. వాట్సాప్ గ్రూపులో రాద్దామంటే అందులో ఆయనొక్కడే రాయగలడు, మనం దండం బొమ్మ కూడా పెట్టలేం. మిగిలింది నీ పేపరే.

నిన్న ఏం జరిగిందో విను. జార్జి టౌన్ మిరపకాయల మండీ పెద్దాయన పొద్దున ఆరింటికే దిగాడు. "అంగడి తెరవాల పాపా, సంతకం ఏడ పెట్టేది?" అని తొందర. మన లక్ష్మీప్రియ టీచరు పన్నెండున్నరకు వచ్చింది, పేపర్లో గంట లేదంటే భోజనం ఉంటుందేమోనని. షోళింగనల్లూరు నుంచి కిరణ్‌కుమార్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ముగ్గురు స్నేహితులను క్యాబ్‌లో వేసుకుని నాలుగింటికి వచ్చాడు. "అయిపోయిందాండీ? చల్లబడ్డాక ఉంటుందనుకున్నామండీ" అన్నాడు. మొత్తం యాభై మూడుమంది వచ్చారు మామా! ఏ ఒక్క క్షణమూ పదకొండుమందికి మించలేదు. పన్నెండోమనిషి వచ్చేసరికి మొదటివాడు టిఫినుకు పోయేవాడు. అచ్యుతరామయ్య వసారాలో తన కుర్చీల్లోనే ఒకటి వేసుకుని, గంటకోసారి రిజిస్టరు తెరిచి, "కోరం లేదే!" అని మూస్తూ సాయంత్రం దాకా నవ్వుతూ కూర్చున్నాడు. వాయిదా సమావేశం ఇరవై తొమ్మిదిన. అదే చివరి అవకాశం.

మొన్నటిదాకా నువ్వు నాకు పత్రికా స్వేచ్ఛవి. ఇప్పుడు ఒట్టి డమ్మీ పీసువి.

మండుతూ,
పరిమళ

అమ్మ నీకోసం మామిడి పిందెలతో వడుమాంగాయ ఊరేసింది. పంపొద్దన్నాను.


తిరుపతి
11 జూన్ 2025

చి. పరిమళకు మామ దీవెనలు.

నీ నిప్పు అందింది. తిరిగొచ్చిన కట్టలు విప్పే మనిషి చెయ్యి కాలకుండా తెచ్చిచ్చాడు.

నీ రెండు పేజీలూ చదివాను. పక్క కుర్చీలవాళ్లకు చదివి వినిపించాను కూడా. తర్వాత బిట్ చేశాను. బిట్ చేయడమంటే చంపడం కాదమ్మా. ఆ ఒక్క మాట లేకపోతే మా డెస్కులో ఎవరికీ నోరు పెగలదు. చిన్న వార్త బిట్. పేజీలో కన్నం కనబడితే "ఓ బిట్ పడేయండి". పెద్దదాన్ని కుదించాలంటే "బిట్ చేసెయ్". పక్క పేపరు చూసి రాసుకొస్తే "బిట్ కొట్టాడు". రోజుకు నాలుగు వాక్యాలు పంపి రోజంతా పనిచేసినట్టు నడిచే విలేకరి ఒకాయన ఉన్నాడు, బిట్ నాయుడు. ఆయన అసలు పేరు ఆయన పెళ్లిపత్రిక చూస్తేనే తెలిసింది. మా క్యాంటీన్‌లో సగం గ్లాసు టీ కూడా బిట్టే. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే "బిట్‌లో చెప్పు" అంటాం. ఆ మాట నాకు ఇంట్లో కూడా నోరు జారి, మీ అత్త రెండు రోజులు బిట్‌లోనే వండింది.

ఇక గంట సంగతి. పేజీ సిద్ధమయ్యాక నగల దుకాణం ప్రకటన ఒకటి వచ్చిపడింది. స్థలం కావాలి, అంటే కోయాలి. మేం కోసేది ఎప్పుడూ కింది నుంచే. వార్త రాసే పద్ధతే అది: తల పైన, తోక కింద. తోక తెగినా బల్లి బతుకుతుంది. ఇరవై ఆరేళ్లుగా నా చేతికి అదే అలవాటు, కళ్లు మూసుకుని కోస్తాను. నువ్వేమో తలకాయను తోకలో పెట్టి పంపావు. కరపత్రాలు చదివి రాయడం నేర్చుకుంటే వచ్చే చిక్కే ఇది: ముందు పిడికిలి, మధ్యలో కన్నీళ్లు, చిట్టచివర గంట.

ఇంతకూ నీ అసలు కోపం పేరు వేయలేదనేగా? "పలువురు సభ్యులు" అన్నందుకేగా? నీ వయసులో నాకూ అంతే. ఇంకో వార్త రాసి పంపు. ముఖ్యమైనదాన్ని పైన పెట్టు. ఈసారి పేరు వేస్తాను.

డమ్మీ పీసు అన్నావు. మీ వీధిలో అది తిట్టు. మా దగ్గర డమ్మీ అంటే పేజీకి ముందు గీసుకునే నమూనా, అది లేకపోతే పేపరే లేదు. దీవెనగానే తీసుకున్నాను.

వడుమాంగాయ విషయంలో మాత్రం పునరాలోచించు.

మీ మామ


చూలై
13 జూన్ 2025

మామా!

పేరా? నా పేరా? నేను పేరు కోసం రాస్తానా! నా పేరు కావాలంటే నేను పనిచేసే ప్రెస్సులో వెయ్యి శుభలేఖల అడుగున నేనే అచ్చేసుకుంటాను. నీ ఉత్తరం ఆ ముక్క దగ్గరే నలిపి పారేశాను. అమ్మ ఏరి, సాపు చేసి, మిగతాది చదివి వినిపించింది. అత్త బిట్‌లో వండిందన్న చోట గోడకు ఆనుకుని నవ్వింది. నేను నవ్వలేదు. కొంచెమే.

నీకొక్కడికే బిట్లున్నాయనుకోకు. మా ప్రెస్సులో శుభలేఖ కోయగా రాలే అంచు బిట్. పరీక్షలో చొక్కా మడతలో పెట్టుకుపోయేది బిట్. ఆడపిల్లల వెనక తిరిగేవాడు కొట్టేది బిట్టు. సినిమా హాలు బిట్ ఒకటుంది, ఈ ఉత్తరం అమ్మ చదువుతుంది కనుక దాన్ని గురించి రాయను. వీటన్నిటికీ పైన, చేతికిచ్చే కరపత్రం బిట్ నోటీసు! మీరు పెద్దదాన్ని చిన్నది చేసి బిట్ అంటారు. మేం అరచేతి కాయితాన్ని ఊరంత చేసి బిట్ అంటాం. ఇంకో మాట. మా కోత మిషను నాలుగు వైపులా సమంగా కోస్తుంది. నీలాగా ఒక్క వైపు మీదే పగబట్టదు.

కరపత్రాలను వెక్కిరించావు. పదో తరగతి తర్వాత నన్ను చదివించింది ఎవరు మామా? మందిరంలో ఇనప బీరువా అడుగు అర. మిల్లు సమ్మెవి, మంచినీళ్ల పోరాటానివి, బడి కావాలన్నవి, కట్టలు కట్టలు. పంకా కింద కూర్చుని అన్నీ చదివాను. చివరి గంట దగ్గరికొచ్చేసరికి ఒళ్లు జలదరించేది. యాభై ఏళ్ల కిందటి సభకు ఇప్పుడు లేచి పరుగెత్తాలనిపించేది. ఇప్పుడా అరకు అడ్డంగా నాలుగు వందల ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. అది పోతే నాకింకో బడి లేదు.

మునెమ్మవ్వ నిన్న పేపర్లు మడుస్తూ, "ఏమ్మే, నువ్వు రాసేదంతా నిప్పేనా? ఆయప్పకు ఒక్క మంచిమాట రాయరాదా?" అంది. సరి, ఇదిగో మంచిమాట: నువ్వు చెప్పినట్టే చేశాను. కొత్త వార్త జతచేస్తున్నాను. ముఖ్యమైనదాన్ని పైన పెట్టాను, అంటే అచ్యుతరామయ్య చేసిన ద్రోహం. మధ్యలో మందిరం గొప్ప. కింద గంట. ఈసారి కింద చెయ్యి పెట్టావో, నీ వేలు బిట్ అవుతుంది.

పరిమళ


చూలై
19 జూన్ 2025

ఓయ్ మామా,

నిన్నటి పేపరు. పెద్ద శీర్షిక: "చూలైలో చూడముచ్చటైన పంకా".

పంకా! నేను ద్రోహం రాస్తే నువ్వు పంకా వేశావు!

"చూలై పఠన మందిరంలో 1956 నాటి పంకా నేటికీ తిరుగుతోంది. దాని గాలికి మూడు తరాలు పేజీలు తిప్పాయి. పొడవాటి బల్ల, గోడ గడియారం, ఇనప బీరువా మరెక్కడా కనిపించవు. ప్రతి ఒక్కరూ కళ్లారా చూడాలి." అంతే, మొత్తం వార్త! పైన ద్రోహం లేదు, కింద గంట లేదు. తలా తోకా లేని పంకా!

జనం నిజంగానే చూడటానికి వచ్చేశారు మామా. పొద్దున తొమ్మిదికి వీధి నిండిపోయింది. కిరణ్‌కుమార్ ఈసారి కెమెరా పట్టుకుని ఎనిమిదిమందితో వచ్చాడు. అచ్యుతరామయ్య ఆనందం చెప్పతరం కాదు. అదంతా తన మీద పొగడ్త అనుకున్నాడు. పట్టుపంచె కట్టి, వార్తను చట్రం కట్టించి గుమ్మానికి తగిలించి, తన చేత్తో తానే తాళం తీశాడు! నన్ను చూసి, "మీ మామ బంగారం మే! నన్ను ఆకాశానికెత్తినాడు" అని నోట్లో మైసూరుపాకు పెట్టాడు. నేను నోరు తెరిచింది తిట్టడానికి మామా. పాకు లోపలికి పోయింది.

అందరూ కుర్చీల గుట్టల మధ్య పక్కకు తిరిగి నడుస్తూ, తలెత్తి పంకా చూశారు. ఆయన స్విచ్ వేశాడు. తిరిగింది. చప్పట్లు. అప్పుడు శారదాంబ గారు, ఎనభై దాటింది, నలభై ఏళ్ల సభ్యురాలు, తన వారపత్రికల అర కోసం వెతుక్కుంటూ అడ్డొచ్చిన కుర్చీని పట్టి ఒక్క లాగు లాగింది. గుట్ట మొత్తం దబదబా కూలింది. వెనక నలిగిన పుస్తకాలు అందరికీ కనిపించాయి. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టి, "ఏమయ్యా అచ్యుతం, పంకా గాలి కుర్చీలకా? ఈడ మనుషులకు ఉక్క పోయదా?" అంది. చప్పట్లు ఆగిపోయాయి. ఆయన వెంటనే స్విచ్ ఆపి, అందరినీ బయటికి పంపి, మళ్లీ తాళం వేశాడు.

ఆ గుమ్మంలోనే నిలబడి గంట చెప్పాను. పందొమ్మిదిమంది వస్తామన్నారు. మిగతా ఇరవై ఒక్కరు? వాళ్లను వార్తతో పిలుద్దామంటే అందులో గంటే లేదు. పైగా ఆయన నీకు ఇమ్మని మైసూరుపాకు డబ్బా నా చేతికే ఇచ్చాడు. అంటే నువ్వెవరి పక్షమో తేలిపోయింది. డబ్బా మునెమ్మవ్వ మనవరాళ్లకు పంచేశాను.

ఇక నీకు వార్తలు పంపను. ఇదే చివరి ఉత్తరం.

పరిమళ


తిరుపతి
21 జూన్ 2025

అమ్మా పరిమళా,

చివరి ఉత్తరానికి జవాబు రాయకూడదని ఎక్కడా లేదు కనుక రాస్తున్నాను.

మైసూరుపాకు నేను అడగలేదు, తినలేదు. తిన్నవాడికి పడే శిక్ష మాత్రం నాకు పడింది. జరిగింది ఇది. కింద ఉంటే కోత పడుతుందని నీ గంటను నా చేత్తో పైకి తెచ్చాను, మొదటి పేరాలోకి, ద్రోహం పక్కకే. చూసుకుని మురిసిపోయి ఇంటికి పోయాను. నా పైఆయన పేజీ చూశాడట. "ఆరోపణ ఉంది, అవతలివాడి మాట లేదు, తీసెయ్" అని మొదటి పేరా మొత్తం ఎత్తేశాడు. కన్నం పడిన చోట శీర్షిక పెద్దది చేసి, పంకా తగిలించాడు. కింద పేరాను తలనూనె ప్రకటన మింగింది. కింది నుంచి కోస్తారని పైకి తెస్తే, పైనుంచి కోశారు. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, నాకే తోచలేదు.

మర్నాడు పొద్దున పేపరు చూసి టీ కూడా తాగలేదు. బిట్ కూడా.

నీకొకటి తెలియదు. ఆ పంకా కింద చోటు కోసం మీ అమ్మా నేనూ జుట్లు పట్టుకునేవాళ్లం. వార్త అనే మాట నేను మొదట చదివింది ఆ బల్ల మీదే. నువ్వు చదివిన కరపత్రాల్లో కొన్ని నేను పోగేసి అరలో పెట్టినవే. నాకూ చివర గంట చూస్తే ఒళ్లు జలదరించేది. తర్వాత ఉద్యోగం వచ్చింది. గంటలు కోయడమే నా పనైంది.

రెండు రోజులుగా అదే తిరుగుతోంది బుర్రలో. ఉచిత కంటి పరీక్షలు, రక్తదానాలు, సంతాప సభలు, నాటకాలు. వాటన్నిటి గంటా అడుగునే ఉంటుంది. ఎన్ని కోసుంటాను? ఎవరెవరు పేపరు పట్టుకుని, మూసిన గుమ్మాల ముందు ఎంతసేపు నిలబడి ఉంటారు? మీ మిరపకాయల పెద్దాయన ఆరింటికి వచ్చి నిలబడ్డాడన్నావు చూడు, ఆయన్ని మరచిపోలేకపోతున్నాను.

ఇక పని మాట. నా పేపరు లోపల నేను కోస్తాను, నా పైఆయన కోస్తాడు, ప్రకటన కోస్తుంది. పేపరు మడతలో మునెమ్మ పెట్టే కాయితాన్ని కోయగలిగినవాడు తిరుపతిలో పుట్టలేదు. బిట్ నోటీసు వెయ్యమ్మా. నువ్వే రాయి, మీ ప్రెస్సులోనే అచ్చెయ్యి. పిడికిలీ కన్నీళ్లూ నీ ఇష్టం. నేను ఒక్క అక్షరం ముట్టుకోను. గంటను మాత్రం ఒక్కచోటే నమ్మి పెట్టకు.

వద్దామనే ఉంది. కానీ ఆదివారం పేజీ నాది. సెలవంటే నవ్వుతారు.

ఓడిపోయిన మామ


చూలై
25 జూన్ 2025

ఆదివారం ఉదయం పది గంటలకు!

మామా, ముందు అది చదువుకో. ఇప్పుడు క్షేమసమాచారాలు. నేను క్షేమం. కోపం కూడా క్షేమమే, నీ మీద నుంచి దిగి అచ్యుతరామయ్య దగ్గర చేరింది. నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. జుట్ల దగ్గర నవ్వింది. పెద్దాయన దగ్గర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వాడు చిన్నప్పుడూ అంతే, తప్పు చేసినాడంటే కూడు మానేస్తాడు" అంది.

నోటీసు అచ్చయింది. శుభలేఖల రాలిన అంచుల మీదే వేశాను, బిట్ల మీద బిట్. అందుకని అన్నిటికీ ఒక మూల బంగారు వినాయకుడి చెవి వచ్చింది. నిన్న మునెమ్మవ్వ, అమ్మ, నేను, లక్ష్మీప్రియ టీచరు కూర్చుని మూడు వందల పేపర్ల మడతల్లో పెట్టాం. మునెమ్మవ్వ ఒకటి తీసి దూరంగా పట్టుకుని చదివి, "ఏం మే, పైన పది గంటలు, నడుమ పది గంటలు, కింద పది గంటలు. గడియారం అమ్ముతా ఉండావా?" అంది. అవును మామా. పైన పెట్టాను, మధ్యలో పెట్టాను, కింద పెట్టాను. ఏ వైపు నుంచి ఎవడు కోసినా ఒకటి మిగులుతుంది. ఆదివారం ఉదయం పది గంటలకు! చూశావా, ఈ ఉత్తరం మధ్యలో కూడా పెట్టేశాను.

మధ్యాహ్నానికే మనుషులు ప్రెస్సుకు రావడం మొదలైంది. మిరపకాయల పెద్దాయన, "ఈ తూరి గంట వేసినారు, మర్యాద" అని ముగ్గురు కొడుకులనూ సభ్యత్వం కార్డులతో సహా చూపించి పోయాడు. కిరణ్‌కుమార్ క్యాబ్ ముందే చెప్పి పెట్టాడు, "టెన్ అంటే టెన్నేనాండీ?" అని మూడుసార్లు అడిగి. శారదాంబ గారు కుర్చీ తనే తెచ్చుకుంటానంది, ఆ కుర్చీల మీద కూర్చోదట.

వేళ్ల మీద లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిదే. ఒక్కరు తక్కువైనా అచ్యుతరామయ్య "కోరం లేదే!" అని రిజిస్టరు మూస్తాడు, ఈసారి శాశ్వతంగా.

పాత సభ్యుల జాబితా శారదాంబ గారి ఇంట్లో ఉంటే తెచ్చి వెతికాను. 212వ నంబరు: శేషాద్రి, ఆజీవ సభ్యుడు, 1994. ఎవరూ కొట్టేయలేదు మామా. కోత చేతికి ఆ పేరు దొరకలేదు.

ఆదివారం పేజీ ఒక్కరోజు బిట్ నాయుడికి ఇచ్చెయ్యి. నవ్వితే నవ్వనీ. వడుమాంగాయ జాడీ నీ పేరు రాసి పెట్టాను. పంపేది లేదు, వచ్చి తీసుకోవాల్సిందే.

ఆదివారం ఉదయం పది గంటలకు!

నీ మేనకోడలు,
పరిమళ


తిరుపతి
27 జూన్ 2025

పరిమళా,

నీకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. సెలవడిగితే వాళ్లు ఎలా నవ్వారో, నేను ఎలా నవ్వలేదో, మీ అత్త సంచి ఎలా సర్దిందో అన్నీ రాశాను. పేపర్ల వ్యాను బయల్దేరుతోంది, స్థలం లేదు. జీవితంలో మొదటిసారి పైనుంచి కోస్తున్నాను. కింది ముక్క మిగిలింది:

ఆదివారం ఉదయం సరిగ్గా పది గంటలకు, చూలై పఠన మందిరం గుమ్మం ముందు. నలభైమందిమి, ఒక్కసారిగా. అందరూ రండి!!!